మూల నుంచి మూలకి

పెడన పాండురంగారావు గారి గురించి నాలుగు ముక్కలు రాయాలని ఆరు నెలలుగా అనుకుంటున్నాను. మొదలుపెట్టిన ప్రతిసారీ ఆయన మర్యాదగా పక్కకు తప్పుకుంటున్నారు, నేను వచ్చి కాగితం మధ్యలో కూర్చుంటున్నాను. ఆయన చేసింది పొరపాటు. నేను చేసింది పొరపాటు కాదు. మా ఇద్దరి మధ్యా నలిగి హారిక అనే అమ్మాయి ఉద్యోగమూ పోయింది, మంచిపేరూ పోయింది. ఆ సంగతి ముందే చెప్పేస్తే మిగిలింది చెప్పడానికి నాకు కాస్త ఊపిరాడుతుంది.

నా పేరు సాల్మన్ రాజు. బందరులో కోనేరు సెంటర్ దగ్గర పద్దెనిమిదేళ్ళుగా కంప్యూటర్ల షాపు నడుపుతున్నాను. నాకు నోటి దురుసు ఎక్కువని ఊళ్ళో అంటారు. నిజమే. గంటసేపు పది మానిటర్లు వెలిగించి చూపించాక, "ఆన్‌లైన్‌లో రెండొందలు తక్కువండీ" అంటూ ఫోన్ నా మొహం మీద పెట్టేవాడిని చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. నా నోటివల్ల బేరాలు పోతున్నాయనే కౌంటర్‌లో హారికను పెట్టాను. గిలకలదిండి అమ్మాయి. తండ్రి సముద్రం మీద వేటకెళ్తాడు, తల్లి వెంకాయమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని వీధుల్లో చేపలమ్ముతుంది. హారిక డిప్లొమా చదివింది. ఆ ఇంట్లో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం ఆ పిల్లదే మొదటిది. వెంకాయమ్మ అప్పుడప్పుడు ఖాళీ బుట్టతో మా షాపు ముందాగి, అద్దంలోంచి కూతుర్ని ఒకసారి చూసుకుని, లోపలికి రమ్మన్నా రాకుండా వెళ్ళిపోయేది.

పాండురంగారావు గారు గత ఆషాఢంలో ఒక మంగళవారం వచ్చారు. పెడనలో చీరలు నేసే మనిషి, అరవై దాటాయి, బక్కపలుచన, భుజాన తువ్వాలు. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చారు. వద్దండీ, వేసుకుని రండి అంటే, "అలవాటండీ, మగ్గం ఉన్న ఇంట్లో చెప్పులతో తిరగం" అన్నారు. నా షాపులో మగ్గం ఎక్కడుందో నాకు అర్థం కాలేదు. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి హారికకు ఇచ్చారు. అందులో తెలుగులో రాసి ఉంది: ఇరవైనాలుగు అంగుళాలు, ఐపీఎస్, వంద హెర్ట్జ్, పదివేల లోపు.

"ఎవరికండీ బాబాయ్ గారూ?" అంది హారిక.

"మా వెంకటసాయికమ్మా. మా అబ్బాయి. గేములు ఆడతాడు, సినిమాలు చూస్తాడు. పాతది ఆరిపోయింది. వాళ్ళమ్మతో బెజవాడ ఆసుపత్రికి వెళ్ళాడు, మూడు రోజుల్లో వచ్చేస్తాడు. వచ్చేసరికి బిగించి ఉంచుదామని."

నేనైతే కాగితం చూసి డబ్బా తీసి ఇచ్చేసేవాణ్ణి. హారిక అలా కాదు. కంప్యూటర్ ఏది, దానికి గ్రాఫిక్స్ కార్డు ఎప్పటిది అని అడిగింది. ఆయన ఫోన్‌లో ఫొటోలు చూపించారు. "పాత కార్డండీ. నూటనలభైనాలుగు హెర్ట్జ్ కొన్నా ఇది సెకనుకి అన్ని బొమ్మలు పంపలేదు. మీవాడు వంద అని సరిగ్గానే రాశాడు" అంది. తర్వాత రెండు మానిటర్లు పక్కపక్కన పెట్టి, రాత్రిపూట సముద్రం కనిపించే సినిమా ముక్క ఒకటి వేసింది. ఒకదాన్లో నలుపు కాటుకలా ఉంది. రెండోదాన్లో కాస్త బూడిద తిరిగింది.

పాండురంగారావు గారు నల్లగా ఉన్నదాని దగ్గరికి వెళ్ళి, వంగి, దాని వెనక్కి చూశారు. నాకు నవ్వొచ్చింది. నేత పనివాడు గుడ్డ తిరగేసి చూడకుండా కొనడు కదా. "ఇదే బాగుందమ్మా, నలుపు గట్టిగా దిగింది" అన్నారు.

"సినిమాలకి అదే బాగుంటుందండీ. కానీ మీవాడు ఎలా కూర్చుని చూస్తాడు?"

ఆయన భుజాన తువ్వాలు సర్దుకున్నారు. "కూర్చోడమ్మా. పడుకునే" అన్నారు.

వెంకటసాయి కేబుల్ టీవీ లైన్లు సరిచేసేవాడట. రెండేళ్ళ క్రితం వాన వెలిసిన మర్నాడు స్తంభం మీంచి జారి పడ్డాడు. నడుం కింద స్పర్శ లేదు. ఇరవయ్యారేళ్ళ కుర్రాడికి లోకమంటే ఇప్పుడు ఆ తెరే. స్నేహితులు అందులోనే కలుస్తారు, అందులోనే వాడితో కలిసి పరిగెడతారు.

హారిక ఒక్క జాలి మాట అనలేదు. కౌంటర్ మీద చెంప ఆనించి, పడుకున్న మనిషికి ఎలా కనిపిస్తుందో తనే చూసింది. "ఇలా రండి బాబాయ్ గారూ, మీరూ తల వాల్చండి" అంది. అరవై దాటిన మనిషి నా కౌంటర్ మీద తల వాల్చారు. పక్క నుంచి చూస్తే కాటుక నలుపు ఉన్నదాంట్లో మనుషుల మొహాలు పాలిపోయాయి. బూడిద తిరిగినదాంట్లో రంగులు ఎక్కడివక్కడే ఉన్నాయి. "మీవాడు రాసిన ఐపీఎస్ రకం ఇదే. ఇదే తీసుకోండి. చీకటి సీన్లలో నలుపు కాస్త పల్చనగా ఉంటుంది, అది మాత్రం ముందే చెప్తున్నా" అంది.

"నలుపు తగ్గితే తగ్గిందిలేమ్మా. ఇరవైనాలుగు నికరమేనా?"

"నికరమేనండీ. డబ్బా మీదే రాసి ఉంది."

ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఆయన మనసులో ఏముందో మా ఇద్దరికీ తెలియదు. నేతగాడు కొలతంటే పన్నానే అనుకుంటాడు. పన్నా అంటే గుడ్డకి ఈ అంచు నుంచి ఆ అంచుకి ఉండే వెడల్పు. మానిటర్‌ని కొలిచేది ఒక మూల నుంచి ఎదుటి మూలకి. ఈ సంగతి మాకు ఎంత అలవాటైపోయిందంటే, చెప్పాల్సిన సంగతని కూడా అనిపించదు. పద్దెనిమిదేళ్ళలో నేను ఒక్కరికి కూడా చెప్పి ఎరుగను.

పన్నా అనే మాట ఆయనకు వట్టి మాట కాదు. ఈ కథ నాకు తర్వాత తెలిసింది. ఆయనకు ముప్పై ఏళ్ళప్పుడు, నేసి ఇచ్చిన ఆరు చీరలు రెండు వేళ్ళు పన్నా తక్కువ వచ్చాయని చేనేత సంఘంవాళ్ళు వెనక్కి తిప్పి, అందరూ చూసేలా సంఘం గుమ్మానికి వేలాడదీశారట. గంజి పెట్టి ఆరేసినప్పుడు గుడ్డ ముడుచుకుంది తప్ప ఆయన దొంగ నేత నెయ్యలేదు. కానీ వినేదెవరు? పదేళ్ళు ఆయన్ని పన్నా తక్కువ పాండురంగం అని పిలిచారట. పెళ్ళిపందిట్లో కూడా. అప్పటినుంచి ఆయన ప్రతి చీరా అర వేలు ఎక్కువే నేశారు. ఆ అర వేలు నూలుకి ఎవరూ కూలి ఇవ్వలేదు.

బుధవారం ఉదయం ఇంట్లో డబ్బా విప్పారు. మంచం మీదుగా వచ్చేలా, మగ్గాలు చేసే వడ్రంగి చేత చెక్క బల్ల ఒకటి ముందే చేయించి పెట్టుకున్నారు. దాంట్లో మానిటర్ ఒదిగి కూర్చోవడానికి ఇరవైనాలుగు అంగుళాల గాడి. కొడుకు మంచం మీద దొర్లినా తెర కదలకూడదని. మానిటర్ అందులో పెడితే అటూ ఇటూ బొటనవేలు దూరే సందు మిగిలింది. కొలిచారు. ఇరవైయొకటి. మళ్ళీ కొలిచారు. మూడోసారి కొలిచారు. మూడంగుళాలు తక్కువ.

అడిగి తెలుసుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు. భార్య సత్యవతమ్మకి ఫోన్ చేస్తే కొడుక్కి తెలిసిపోతుంది. మరి ఆయనకు ఆ క్షణాన ఏమనిపించి ఉంటుందో నేను ఊహించగలను. తనని ముప్పై ఏళ్ళు ఏ నింద కాల్చిందో ఆ పనే ఇంకొకరు తనకు చేశారు, అదీ మంచం పట్టిన కొడుకు వస్తువులో.

పదకొండు గంటలకు, వీధి నిండా జనం ఉండగా, మానిటర్‌ని దుప్పట్లో చుట్టి పట్టుకుని, చంకలో గజంబద్దతో మా షాపుకి వచ్చారు. ఆ పూట చెప్పులు విడవలేదు.

అప్పుడు నా ఎదురుగా పూర్ణచంద్రరావు గారు కూర్చుని ఉన్నారు. ఒక ప్రైవేటు కాలేజీకి ముప్పై కంప్యూటర్లు కొనే పని ఆయనది. రెండు నెలలుగా ఆయన వెనక తిరిగి తిరిగి ఆ రోజుకి ఒప్పించుకున్నాను.

పాండురంగారావు గారు అరవలేదు. అరిచినా బాగుండేది. మానిటర్‌ని గుమ్మంలో స్టూలు మీద పెట్టి, దాని మీద గజంబద్ద ఆనించి, "మీరే కొలవండి" అన్నారు. ఎవరో కొలిచారు. "ఇరవైయొకటే!" అని అరిచారు. జనం మూగారు.

హారిక పరిగెత్తుకొచ్చింది. "బాబాయ్ గారూ, అలా కాదండీ. దీన్ని మూల నుంచి మూలకి కొలవాలి. ఇటు చూడండి, ఇలా పెట్టండి."

"గుడ్డనెవరైనా మూల నుంచి మూలకి కొలుస్తారా అమ్మా? అలా కొలిచే పనైతే నా చీరలన్నీ ఇంకో జానెడు పెరిగేవే! నన్నెందుకు వేలాడదీశారు మరి?"

చివరి మాట ఎవరికీ అర్థం కాలేదు గానీ ముందు మాటకి అందరూ విరగబడి నవ్వారు. హారిక బద్ద తీసుకుని మూల నుంచి మూలకి పెట్టబోయింది. "ఇక్కడ తక్కువైతే వంకరగా పెట్టి చూపిస్తోంది చూడండ్రా" అన్నాడొకడు. "చేపలమ్మే ఇంటి పిల్ల కదా, తూకం ఎలా లాగాలో నేర్పక్కర్లేదు" అన్నాడు ఇంకొకడు. ఒక కుర్రాడు ఫోన్‌లో తీస్తున్నాడు.

పూర్ణచంద్రరావు గారు ఫైలు మూసి, "ఇలాంటి చోట ముప్పై కంప్యూటర్లు ఎలా తీసుకోమంటారు రాజు గారూ?" అన్నారు.

ఆ గుంపులో ఆ పిల్ల చెప్పేది నిజమని ఖాయంగా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. "అవునండీ, లోకమంతా ఇలాగే కొలుస్తారు" అని నేనంటే ఒక నిమిషం నవ్వుతారు, తర్వాత నమ్ముతారు. షాపు యజమాని మాట కదా. నాకు ఆ ఒక్క నిమిషం నవ్వు భరించే ఓపిక లేకపోయింది. ఆర్డరు చేజారిపోతోందన్న భయం తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు.

"పెద్దాయనకి ఒక సైజు చెప్పి ఇంకోటి కట్టిందండీ మా అమ్మాయి. తప్పు మాదే" అన్నాను.

హారిక నా వైపు తిరిగింది. "సార్, మీకు తెలుసు కదా సార్" అంది. గొంతు పెద్దది చెయ్యలేదు.

"నోర్ముయ్. రేపట్నుంచి రానక్కర్లేదు."

పైనుంచి ఇరవైయేడు అంగుళాల మానిటర్ దింపించి, పాత ధరకే ఇచ్చి, ఆయన చేత బద్ద పెట్టించాను. సరిగ్గా ఇరవైనాలుగు వెడల్పు. జనం చప్పట్లు కొట్టారు. పాండురంగారావు గారు నాకు దణ్ణం పెట్టారు. "ధర్మాత్ములండీ" అన్నారు. హారిక టిఫిన్ బాక్సు సంచిలో పెట్టుకుని ఆ జనంలోంచే దారి చేసుకుని వెళ్ళింది. ఎవరూ పక్కకు జరగలేదు. పూర్ణచంద్రరావు గారు ఫైలు తెరిచారు.

సాయంత్రానికి ఆ వీడియో బందరులో ప్రతి ఫోన్‌కీ చేరింది. కొలతలో మోసం, దొరికిపోయిన సేల్స్ అమ్మాయి అని దానికో పేరు. హారిక వేరే రెండు షాపుల్లో అడిగితే లేదన్నారు. వెంకాయమ్మ ఏళ్ళ తరబడి చేపలిచ్చే ఇళ్ళలో కూడా, "తూకం సరిగ్గా వెయ్యవే, కూతురిలా చేసేవు" అని పరాచికాలు మొదలయ్యాయి. పరాచికమే. కానీ బుట్ట నెత్తిన పెట్టుకుని నడిచేవాళ్ళకి తూకం మీద మాట పడటమంటే ఏమిటో ఆ అనేవాళ్ళకి తెలియదు. పాండురంగారావు గారికి తెలుసు.

ఆయన శనివారం మళ్ళీ వచ్చారు. ఆటోలో ఇరవైయేడు అంగుళాల డబ్బా. చెప్పులు బయట విడిచారు.

వెంకటసాయి శుక్రవారం ఇంటికొచ్చి చూసి, "ఇది ఇరవైయేడు కదా నాన్నా, ఎందుకు తెచ్చావ్?" అన్నాడట. మంచానికి అంత దగ్గరగా అంత పెద్ద తెర పెడితే బొమ్మ చుక్కలు చుక్కలుగా కనిపిస్తోంది, అవతలి చివర చూడాలంటే మెడ లేవాలి, వాడి మెడ అంతగా లేవదు. అయినా తండ్రి మొహం చూసి, "పర్లేదులే, సినిమాకి బాగుంటుంది" అన్నాడట. ఆయన గజంబద్ద సంగతి చెప్పారు. కొడుకు నవ్వలేదు. పడుగులోంచి పోగొకటి తెమ్మని, ఒక మూల ఆయన చేత పట్టించి, రెండో మూలకి తను లాగి, ఆ పోగుని బద్దకి ఆనించి చూపించాడు. ఇరవైయేడు.

"అంతే నాన్నా. అన్నీ ఇలాగే కొలుస్తారు. ఆ అమ్మాయి నీకు చెప్పలేదా?"

"చెప్పిందిరా" అన్నారట ఆయన.

నాకు ఇదంతా చెప్పి, "తప్పు నాదండి రాజు గారూ. ఆ అమ్మాయి ఏదండీ?" అని అడిగారు.

"మానేసిందండీ" అన్నాను. మానేసిందట! అబద్ధానికి అబద్ధం తోడు. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషిని నేను.

ఆయన ఊరు పేరు కనుక్కుని గిలకలదిండి వెళ్ళారు. రెండు గంటల తర్వాత తిరిగొచ్చారు. మొహం పీక్కుపోయి ఉంది. మంచినీళ్ళివ్వబోతే వద్దన్నారు.

"ఆ అమ్మాయి ఇచ్చిందండీ మంచినీళ్ళు. కాళ్ళు పట్టుకోబోతే పట్టుకోనివ్వలేదు. ఆ పెద్దది మీ అబ్బాయికి పనికిరాదు బాబాయ్ గారూ, మెడ నొప్పి పుడుతుంది, మార్చుకోండి అని చెప్పింది. ఆ మాట చెప్తోందండీ నాకు! వాళ్ళమ్మ మాత్రం లోపల్నుంచి బయటికి రాలేదు."

తర్వాత ఆయన మా గుమ్మం మెట్టు మీద నిలబడ్డారు. బుధవారం నిలబడ్డ చోటే. తువ్వాలు నడుముకి చుట్టుకుని, వీధికేసి తిరిగి గట్టిగా చెప్పడం మొదలుపెట్టారు. "బాబూ, అందరూ వినండి. మొన్న ఇక్కడ నేను కొలత తక్కువన్నాను. అది నాకు తెలియక అన్న మాట. ఆ పిల్ల చెప్పిందే నిజం. ఆ పిల్ల నన్ను మోసం చెయ్యలేదు. పెడన పాండురంగాన్ని, నేను చెప్తున్నాను."

బస్సు కోసం పోయేవాళ్ళు పోతూనే ఉన్నారు. ఒకావిడ ఏదో అమ్ముతున్నాడనుకుని చూసి సాగిపోయింది. ఒక్క ఫోన్ కూడా పైకి లేవలేదు. ఆయన మళ్ళీ మొదటినుంచీ చెప్పారు. గొంతు పోయేదాకా నాలుగుసార్లు చెప్పారు.

లోపలికి వచ్చి నా ఎదురుగా నిలబడ్డారు. "నా మాటెవరూ వినట్లేదండి. మీ షాపు, మీ పేరు. మీరొచ్చి నా పక్కన నిలబడి ఒక్క మాట అనండి. వింటారు. మొన్న తీసిన ఆ కుర్రాడి చేతే ఫోన్‌లో తీయిద్దాం. ఆ పిల్లకి పేరు తిరిగొస్తుంది."

టేబుల్ మీద కాలేజీ ఆర్డరు కాగితం ఉంది. సంతకం అయింది గానీ సరుకు ఇంకా వెళ్ళలేదు. "చూద్దాం లెండి. ఈ హడావుడి తగ్గాక" అన్నాను.

ఆయన నన్ను చాలాసేపు చూశారు. కోపం లేదు. అదే నేను భరించలేకపోయాను.

"నాకు తెలియక అన్నానండి. మీకు తెలిసే అన్నారంట కదా" అన్నారు. నేను తల దించుకున్నాను. ఆయన పెద్దది అక్కడే వదిలి, ఇరవైనాలుగు అంగుళాల డబ్బా తీసుకుని వెళ్ళిపోయారు.

ముప్పై కంప్యూటర్లూ సెప్టెంబరులో వెళ్ళాయి. డబ్బూ వచ్చింది. హడావుడి తగ్గింది. హారిక ఇప్పుడు రొయ్యల ఫ్యాక్టరీలో ఐసు నీళ్ళలో నిలబడి తలలు తీస్తోందని విన్నాను. తిరిగి రమ్మని రెండుసార్లు కబురు పంపాను. ఒకసారి జవాబు రాలేదు. రెండోసారి, "ముందు ఆ మాట అనమనండి" అని వచ్చింది.

పాండురంగారావు గారు నెలకోసారైనా బందరు వస్తారు. వచ్చినప్పుడల్లా మా మెట్టు మీద నిలబడి ఆ నాలుగు మాటలూ చెప్పి వెళ్తారు. చుట్టుపక్కల షాపులవాళ్ళు ఆయనకి మతి చలించిందని అనుకుంటున్నారు. నేను వాళ్ళనీ సరిదిద్దలేదు. ఆయన చెప్తున్నంతసేపూ నేను లోపల ఏదో ఒక వైరు సరిచేస్తూ ఉంటాను. నా కుర్చీ నుంచి ఆ మెట్టుకి ఆరు అడుగులు. ఇప్పుడు ఇదంతా రాశాను కాబట్టి మీకు తెలిసింది. కానీ ఆ బుధవారం అక్కడ నిలబడి నవ్వినవాళ్ళు మీరు కాదు.